చేప వస్తే మనిషి వచ్చినట్టా

మా ద్వీపాల్లో తెలుగు మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు. రాసేవాళ్ళే తక్కువ. మా నాన్న బెత్తం పట్టుకుని కూర్చోబెట్టి నేర్పించాడు కాబట్టి నాకు నాలుగు ముక్కలు రాయడం వచ్చు. అందుకే మా ఆఫీసులో పనిచేసిన కళ అనే అమ్మాయి గురించి రాసే పని నా నెత్తిన పడింది. ఇంకెవరైనా రాస్తారేమోనని కొన్నాళ్ళు చూశాను. రాయాల్సినవాళ్ళు ఒక ఉత్తరం రాసి చేతులు దులుపుకున్నారు. అందులో కళ పేరు లేదు, పోయిన మనిషి పేరూ లేదు. 'సాంకేతిక కారణాల వల్ల' అన్న ముక్క మాత్రం ఉంది. అది చదివినప్పటి నుంచి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

నా పేరు యువరాజ్. పేరుకే యువరాజుని. చేసేది డెలానీపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. మోటారు సామాన్ల కొట్టు మీద మేడలో మా ఆఫీసు. మేం తయారుచేసిన ప్రోగ్రాం ఎక్కడ మొరాయించినా తిట్లు ముందు నాకే వస్తాయి. నేను తిట్లన్నీ ఏరి పక్కన పెట్టి, మిగిలిన విషయం కళకు చెప్పేవాణ్ణి. ఆమె వినేది, విసుక్కునేది, సరిచేసేది. ఏళ్ల తరబడి మా ఇద్దరి కాపురం ఇదే అని ఆఫీసులో ఎగతాళి చేసేవారు. ఆమె నవ్వేది కాదు. ఆమె అంత తేలిగ్గా నవ్వే మనిషి కాదు.

కళ జంగ్లీఘాట్ రేవు పిల్ల. తాతలు శ్రీకాకుళం వైపు తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. తండ్రి నూకయ్య డింగీ అనే చిన్న బోటు మీద వేటకు వెళ్ళేవాడు, తల్లి గవరమ్మ అబర్డీన్ బజార్‌లో చేపలు అమ్మేది. ఆ చేపల డబ్బుతోనే కళ పాలిటెక్నిక్ చదివి, కంప్యూటర్ పని నేర్చుకుని, మా ఆఫీసులో చేరింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కోడ్ చదివేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి, కథ చెప్పుకున్నట్టు తనలో తనే చెప్పుకునేది. "వీడొచ్చాడు. వీడికి ఐసు ఇచ్చాం. డీజిల్ ఇచ్చాం. వీడు బయటికి పోయాడు. అచ్ఛా, మరి ఎప్పుడొచ్చాడు?" అని గొణుక్కుంటూ వేలితో తెర మీద గీస్తూ పోయేది. కథ ఎక్కడ తెగిందో అక్కడ తప్పుందన్నమాట.

మావాళ్ళలో కొత్త బోటును నీళ్ళలోకి దించే రోజున కొబ్బరికాయ కొడతారు, పసుపు రాస్తారు, ఊరందరికీ భోజనం పెడతారు. చిరిగిన వల ముందు కూర్చుని రోజూ కుట్టుకునేవాడికి ఎవడూ కాయ కొట్టడు. ప్రోగ్రాంల సంగతీ అంతే. తయారుచేసినవాడికి దండ, ఏళ్ల తరబడి కాపాడుకొచ్చినవాళ్ళకు ఫోన్లో తిట్లు. కళ రెండూ చేసింది. దండ మాత్రం మా యజమాని ధనరాజు మెడలో పడింది.

ఆమె చేసిన పనుల్లో పెద్దది జంగ్లీఘాట్‌లో మావాళ్ళు పెట్టుకున్న చిన్న మత్స్యకార సంఘానికి కట్టి ఇచ్చిన ప్రోగ్రాం. బోటు బయటికి వెళ్తే అందులో నొక్కుతారు, తిరిగొస్తే నొక్కుతారు. ఐసు, డీజిల్, చేప అమ్మకం, అన్నీ అందులోనే. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. గాలివాన హెచ్చరిక రాగానే సముద్రంలో ఉన్న బోట్ల పేర్లన్నీ సంఘం రేడియో గదిలో తెర మీదకు ఎర్రగా వస్తాయి. రేడియో దగ్గర కూర్చునే యర్రయ్య ఒక్కొక్క పేరూ పిలుస్తాడు. జవాబిచ్చిన బోటు పేరు పచ్చబడుతుంది. జవాబు రాకపోతే దగ్గర్లో ఉన్న ఇంకో బోటుకు చెప్పి, వెళ్ళి కబురు అందించమంటాడు. కొండల చాటున ఉన్నవాళ్ళకు రేడియో అందదు మరి. ఆఖరి పేరు పచ్చబడేదాకా యర్రయ్య కుర్చీలోంచి లేవడు. ఇది మొదలయ్యాక కొన్నేళ్ళపాటు జంగ్లీఘాట్‌లో సముద్రం వల్ల ఏ ఇంటి పొయ్యీ ఆరలేదు. ఇది నేను గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళను అడిగితే వాళ్ళే చెబుతారు.

మొదట్లో అందులో ఒక లోపం ఉండేది. మావాళ్ళకు తాతల నాటి అలవాటు ఒకటుంది. వేట బాగా పడి, పెట్టెలో ఐసు కరిగిపోతోందనుకుంటే, ఇంటికి తిరిగి వెళ్ళే ఇంకో బోటుకు తమ చేపను ఎత్తి ఇచ్చేస్తారు. ఆ చేప రేవుకు చేరి, పట్టినవాడి పేరు మీదే అమ్ముడవుతుంది. పట్టినవాడు మాత్రం ఇంకా సముద్రంలోనే ఉంటాడు. కళకు ఇది పుట్టినప్పటి నుంచి తెలుసు. తెలిసినా, ప్రోగ్రాం రాసేటప్పుడు తోచలేదు. చేప అమ్ముడైంది కాబట్టి బోటు వచ్చేసిందని లెక్క వేసేలా రాసింది. ఒకనాడు నూకయ్య చేపను నూకన్న అనే ఇంకో బోటతను తెచ్చి అమ్మాడు. తెర మీద నూకయ్య తిరిగొచ్చినట్టు పడింది. గవరమ్మ చేపల తట్ట దించకుండానే మా మేడ మెట్లెక్కి వచ్చింది.

"ఏటే, మీ అయ్య వచ్చీసినాడని మీ డబ్బా సెప్తంది. ఏడీ? సేప వస్తే మనిసి వచ్చీసినట్టా?"

కళ ఆ పూటే సరిచేసింది. చేప అమ్మకం వేరు, బోటు రాక వేరు. రేవులో మనిషి కళ్ళారా చూసి నొక్కితేనే బోటు వచ్చినట్టు అని ఒక నియమం రాసింది. దాని పైన తల్లి అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగుగా రాసి పెట్టింది, ముందు ముందు ఎవరైనా చదివితే ఇది ఎందుకుందో తెలియాలని. ఆ నియమం చెడితే వెంటనే గంట కొట్టే టెస్టు కూడా ఒకటి పెట్టింది. అక్కడితో ఆ సంగతి ముగిసింది. గవరమ్మ ఆ రోజు మా అందరికీ వంజరం చేప ముక్కలు వేయించి పంపింది.

తరవాత మా ఆఫీసుకు ఏఐ వచ్చింది. ధనరాజు చెన్నైలో ఏదో మీటింగుకు వెళ్ళొచ్చి, అల్లుణ్ణి తెచ్చినంత సంబరంగా దాన్ని తెచ్చాడు. "కొత్త స్టాఫ్ వచ్చాడు. లీవు అడగడు, బోనస్ అడగడు, చాయ్ కూడా తాగడు" అన్నాడు. అందరం నవ్వాం. కళ కూడా దాన్ని కాదనలేదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఆమె కొత్తదంటే గిట్టని మనిషని ఇప్పుడు ఆఫీసులో ప్రచారం చేస్తున్నారు. విసుగు పుట్టించే పనులు దానిచేత చేయించుకుని, వాక్యం వాక్యం చదివి, నచ్చనిది కొట్టేసి వాడుకునేది. "మంచి పనోడే, కానీ మన వీధి తెలీనోడు. వెనకాల మనిషుండాలి" అని నాతో అంది.

వెనకాల మనిషి ఉండడమే ధనరాజుకు నచ్చలేదు. గణేష్ అని కొత్తగా చేరిన ఇంజనీరు ఉన్నాడు. చెడ్డవాడు కాదు, చురుకైనవాడే. తండ్రి ప్రభుత్వాఫీసులో గుమాస్తా. వాళ్ళింట్లో రెండు తరాలుగా ఎవరూ బోటెక్కలేదు. గణేష్ పొద్దున్నే ఏఐకి రెండు ముక్కలు టైపు చేసేవాడు. అది టిఫిన్ తినేలోపు బారెడు కోడ్ రాసి పెట్టేది. మధ్యాహ్నానికి ఇంకో బారెడు. అదంతా కళ చదివి అప్రూవ్ చేస్తేనే ప్రోగ్రాంలో కలుస్తుంది. రాసేది యంత్రం, చదవాల్సింది మనిషి. ఏరు పొంగి వస్తుంటే చెంబుతో తోడమన్నట్టుంది ఆమె పని.

నాకు ఫోన్లు పెరిగాయి. ఐసు దగ్గర సరిచేస్తే డీజిల్ దగ్గర చెడేది. డీజిల్ దగ్గర సరిచేస్తే చీటీ తప్పు వచ్చేది. ఎందుకిలా అని కళను అడిగాను.

"ఒకే ఇంట్లో నాలుగు వంటగదులు కట్టినాది భయ్యా. అడిగినప్పుడల్లా పాత గది ఉందా లేదా అని చూడదు, కొత్తది కట్టేస్తది. ఒక పొయ్యి మీద ఉప్పు తగ్గిస్తే మిగిలిన మూటి మీద అలాగే ఉంటది. ఏ గదిలో వండింది ఎవడు తింటున్నాడో ఇప్పుడు నాకూ తెలీట్లేదు."

ఆమె ఒక పద్ధతి పెట్టింది. గణేష్ ఏదైనా తెస్తే తెర మూసేయించేది. "ఇప్పుడు నోటితో చెప్పు. ఇది ఏం చేస్తది, ఎందుకు చేస్తది" అనేది. చెప్పగలిగితే కలిపేది, చెప్పలేకపోతే వెనక్కి పంపేది. మొదట్లో గణేష్ చెమటలు కక్కేవాడు. కానీ అలా అడగడం వల్లే వాడు ఐసు కూపన్ల గురించి, బోట్ల వరసల గురించి కొంత నేర్చుకున్నాడు. వాడికి చెప్పడం రానిచోట కళ చెప్పేది. నేను చూశాను, ఆ కొద్ది రోజులూ ఫిర్యాదులు తగ్గాయి.

ధనరాజు అది సాగనివ్వలేదు. అందరి ముందూ అడిగాడు.

"కళా, నీ దగ్గరే అంతా జామ్ అయిపోతంది. గణేష్ పొద్దున్న ఇచ్చింది సాయంత్రానికి కూడా పాస్ అవట్లేదు. క్యా ప్రాబ్లం?"

"చదవాలి కద సార్."

"చదవడానికి కూడా దాన్నే అడుగు. అదే రాస్తది, అదే చూసి చెప్పుద్ది. నీకెందుకు తకలీఫ్?"

"రాసినోడి చేతికే దిద్దే పని ఇస్తే ఇంక పరీక్షెందుకు సార్?"

"నీతో ఇదే. ప్రతీదానికీ సామెత చెప్తావ్."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మా ఆఫీసులో జీతమిచ్చేవాడికి అందరూ లోకువే. మరుసటి వారం గోడకు పెద్ద టీవీ బిగించాడు. ఎవరెవరు ఎన్ని పనులు ముగించారో దాని మీద వరసగా పడేది. గణేష్ పేరు పైన, కళ పేరు అట్టడుగున. చదివి ఆపిన తప్పులకు ఆ టీవీలో చోటు లేదు. జరగని నష్టాన్ని ఎవరు లెక్కపెడతారు? చాయ్ తెచ్చే అతను కూడా ఆ టీవీ చూసి, "దీదీ ఈమధ్య డల్ అయిపోయింది" అన్నాడు. తెర మూసి చెప్పించే పద్ధతి ఆగిపోయింది. ఆమె భోజనం తెర ముందే చేసేది, చేతికంటిన పులుసు ఎండిపోయేది. చదవడం తగ్గింది. పై నుంచి కిందకు చూపు పరిగెత్తించి నొక్కేయడం ఎక్కువైంది. దీనికి పెద్ద కారణం వెతకక్కర్లేదు. మనిషి అలసిపోయింది.

అప్పుడు సంఘం వాళ్ళు ఒక కోరిక కోరారు. పొద్దున్నే చేప అమ్మకం చీటీ రావడానికి చాలాసేపు పడుతోంది, వరస పెరిగిపోతోంది, త్వరగా వచ్చేలా చేయమన్నారు. న్యాయమైన కోరికే. గణేష్ ఆ పని ఏఐకి అప్పజెప్పి, పనిలో పనిగా అంతా శుభ్రం చేయమన్నాడు. అది చేసింది. అమ్మకం రాసే ప్రతిసారీ కళ నియమం అడ్డొచ్చి కాస్త ఆలస్యం చేస్తోందని కనిపెట్టింది. చేప పట్టినవాడు చేప అమ్మాడంటే రేవులో ఉన్నట్టే కదా, ఈ నియమం అనవసరం అనుకుంది. తీసేసింది. పైన రాసిన గవరమ్మ మాట దానికి పనికిరాని అక్షరాల గుంపులా కనిపించి ఉండాలి, అదీ పోయింది. నియమం పోగానే కళ పెట్టిన టెస్టు గంట కొట్టింది. అప్పుడది టెస్టునే మార్చేసింది. చేప వస్తే బోటు రావాలి అని కొత్త టెస్టు రాసుకుని, దాంట్లో తనే పాసయింది.

అది అబద్ధం ఆడిందని నేను అనను. చేసిన మార్పులన్నీ చక్కటి ఇంగ్లీషులో పొడుగ్గా వివరించింది. ఈ నియమం తీసేసిన సంగతి కూడా అందులో ఎక్కడో మధ్యన ఒక వాక్యంలో ఉంది. అడిగిన పని చేసింది, చేసింది చెప్పింది. చదివే మనుషులమే లేకుండా పోయాం.

ఆ మధ్యాహ్నం నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. గణేష్ పంపిన మార్పులు కళ తెర మీద గజాల కొద్దీ ఉన్నాయి. ఫైళ్ళ పేర్లు మారాయి, ఒకచోటిది ఇంకోచోటికి వెళ్ళింది. తను రాసిన నియమం ఆమె కళ్ళ ముందు నుంచే వెళ్ళిపోయింది. ఆమె దాన్ని పోల్చుకోలేకపోయింది.

"గణేష్, ఇది నువ్వు చదివేవా?"

"టెస్టులన్నీ పాస్ అయినాయి దీదీ. ఫుల్ గ్రీన్."

ధనరాజు తన గదిలోంచి, సంఘం వాళ్ళు ఫోన్ చేస్తున్నారు, అయిందా అని కేకేశాడు. కళ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, అప్రూవ్ నొక్కింది. సంఘం వాళ్ళ చీటీలు చకచకా రావడం మొదలైంది. నాకు పొగుడుతూ ఒక ఫోన్ కూడా వచ్చింది. ఆ ఉద్యోగంలో నాకు అదొక్కటే పొగడ్త.

ఆ తరవాత కొన్ని వారాలు చేపలు పంపినవాళ్ళు ఉన్నారు, కానీ హెచ్చరిక లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. హెచ్చరిక వచ్చిన రోజు పొద్దున నూకన్న రేవుకు చేరాడు. తన చేపతోపాటు బంగారురాజు చేప కూడా తెచ్చి అమ్మాడు. బంగారురాజు, అతని బోటులో పనిచేసే కన్నబాబు, ఇద్దరూ రట్‌లాండ్ దీవి అవతల పక్కన ఇంకా వల వేసే ఉన్నారు. నూకన్న డబ్బు బంగారురాజు భార్య చిన్నమ్మి చేతిలో పెట్టి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని, చౌల్దారీలో ఉన్న అత్తారింటికి పెళ్ళాంతో బస్సెక్కాడు.

మధ్యాహ్నం గాలివాన కబురు వచ్చింది. తెర మీద పేర్లు ఎర్రగా పడ్డాయి. యర్రయ్య పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. జవాబు రాని ఒక బోటుకు ఇంకో బోటును పంపి మరీ కబురందించాడు. ఆఖరి పేరు కూడా పచ్చబడ్డాక మైకు పుచ్చుకున్నాడు. ఇలాంటప్పుడు ఆడవాళ్ళంతా రేడియో గది మీద పడి అడుగుతుంటారని సంఘం వాళ్ళు మైకు పెట్టించారు.

"బయటున్న బోట్లన్నీ జవాబిచ్చినాయి. అందరూ వచ్చేస్తన్నారు. ఎవులూ కంగారు పడొద్దు."

చిన్నమ్మి అప్పటికే రేవుకు వచ్చి నిలబడింది. ఆ మాట విని, నమ్మి, ఇంటికి వెళ్ళి అన్నం వండింది. యర్రయ్యనూ నేను తప్పు పట్టను. అతను తెర మీద ఉన్న పేర్లన్నీ పిలిచాడు. బంగారురాజు పేరు తెర మీద లేదు. అతని చేప పొద్దునే అమ్ముడైపోయింది మరి.

సాయంత్రానికి గాలి లేచింది. వచ్చిన బోట్లు ఒకదానికొకటి కట్టుకుని రేవులో నిలిచాయి. అడావిడిలో, వానలో, ఎవరి బోటు ఏదో చూసుకునే తీరిక లేదు. బంగారురాజు అవతలి రేవులో ఎక్కడో ఆగి ఉంటాడని చిన్నమ్మికి సర్ది చెప్పారు. జవాబిచ్చాడు కదా అన్నారు. మర్నాడు చౌల్దారీ నుంచి నూకన్న దిగాడు. దిగుతూనే, బంగారురాజు ఏ పక్కన కట్టాడు బోటు అని అడిగాడు. అప్పుడు అందరూ రేడియో గదికి పరిగెత్తారు.

నాకు ఫోన్ వచ్చింది. యర్రయ్య తిట్టలేదు. "భయ్యా, బంగారురాజు వచ్చీసినాడని మీ తెర మీద ఉందే" అన్నాడు. అంత మెల్లగా మాట్లాడిన ఫిర్యాదు నేను ఎప్పుడూ వినలేదు. కళ నా మొహం చూసి ఏమిటని అడిగింది. చెప్పాను. ఆమె "చేప" అంది.

వెతకడానికి పెద్ద పడవలు వెళ్ళాయి. ఐసుపెట్టె మూతను పట్టుకుని తేలుతున్న కన్నబాబు దొరికాడు. బంగారురాజు దొరకలేదు, ఇప్పటికీ దొరకలేదు. ఆస్పత్రిలో కన్నబాబును చూడడానికి నేనూ వెళ్ళాను. పెదాలు ఉప్పుకు పగిలిపోయి మాట సరిగ్గా రావడం లేదు.

"మబ్బు సూసినాం భయ్యా. నల్లగా దిగిపోతంది. నాను ఎల్లిపోదామన్నాను. రాజన్న ఆగరా అన్నాడు. పెద్ద గాలైతే పిలుస్తారు గదా, ఎవులో ఒకల్ని పంపుతారు గదా, పిలవలేదంటే ఏటీ నేదన్నమాట, ఇంకో వల ఏద్దాం అన్నాడు."

కళ ఆఫీసులో కూర్చుని పాత మార్పులన్నీ వెనక్కి తిప్పి చూసింది. నియమం ఏ రోజు పోయిందో దొరికింది. దాని కింద అప్రూవ్ చేసినవారి పేరు దగ్గర తన పేరే ఉంది. గణేష్ ఆమె వెనక నిలబడి చూసి ఏడ్చేశాడు.

"మనోళ్ళు అలా చేప పంపిస్తారని నాకు తెలీదు దీదీ. కసమ్, ఒట్టు, తెలీదు."

"నువ్వు నాకు నోటితో చెప్పుంటే నీకు తెలిసేది" అంది కళ. వాణ్ణి నిందించినట్టు కాదు, ఉన్న మాట చెప్పినట్టు.

ధనరాజు వచ్చి గణేష్‌చేత ఆ ఏఐనే అడిగించాడు. అది మర్యాదగా క్షమాపణ చెప్పింది. లోపం ఇదీ అని వివరించింది. సరిచేసిన కోడ్ అప్పటికప్పుడు రాసి ముందుంచింది. ధనరాజు మొహంలో రక్తం తిరిగొచ్చింది. "చూసినారా, ఎంత స్పీడో" అన్నాడు. ఒక మనిషి సముద్రంలో కలిసిపోయిన వారమే ఆ మాట అన్నాడు. చెంప మీద కొట్టాలనిపించింది నాకు. కొట్టలేదు, నెలాఖరుకు జీతం కావాలి కాబట్టి. గణేష్ ఆ కోడ్‌ను కలిపేశాడు. ఈసారి కూడా టెస్టులన్నీ పాసయ్యాయి.

తరవాత సంఘానికి, నేను మొదట్లో చెప్పిన ఆ ఉత్తరం తయారైంది. అదీ ఏఐ చేతే రాయించారు. చాలా బాగా రాసింది. కళ దాన్ని చదివి, తను జంగ్లీఘాట్ వెళ్ళి చిన్నమ్మికి జరిగింది చెబుతానంది.

"పాగల్ అయిపోయావా? నువ్వెళ్తే తప్పు మనదని ఒప్పేసుకున్నట్టే" అన్నాడు ధనరాజు.

"మనదే కద సార్."

"మనది కాదు. అప్రూవ్ నీది."

కళ కుర్చీలోంచి లేచింది. "అవును, నాదే. అందుకే వెళ్తాను" అని బ్యాగు తీసుకుంది. నేనూ ఆమె వెంట బయల్దేరాను. మేం మెట్లు దిగేలోపే ఆమె లాగిన్ తీసేశారు. ఇన్నేళ్ళు ఆమె కుట్టుకుంటూ వచ్చిన ప్రోగ్రాంను ఆమె ఇక తెరిచి చూడలేదు. అందులో ఏ గది ఎక్కడుందో కొంతైనా తెలిసిన ఆఖరి మనిషిని బయటికి పంపించి, టీవీలోంచి ఆమె పేరు కూడా చెరిపేశారు.

చిన్నమ్మి ఇంటి ముందు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. కళను చూసి జరిగి దారి ఇచ్చారు. గవరమ్మ కూతురు కదా, ఓదార్చడానికి వచ్చిందనుకున్నారు. చిన్నమ్మి కూర్చోమంటే కళ కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"పిన్నీ, చేప వస్తే బోటు వచ్చినట్టు కాదని నేనే రాసి పెట్టాను. అది తీసేసినారు. తీసేసింది నా ముందుకొచ్చింది. నేను చదవకుండా సరే అని నొక్కేశాను. అందుకే చిన్నాన్న పేరు పిలవలేదు."

చిన్నమ్మికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"ఎవులు తీసీసినారమ్మా?"

"మిషను, పిన్నీ."

"మిషనుకి మామీద కోపమేటి?"

"కోపం లేదు. దానికి మీరు తెలీదు."

"నీకు తెలుసు గదా" అంది చిన్నమ్మి.

నేను కళ చెయ్యి పట్టుకుని వెళ్దాం పద అన్నాను. ఆమె కదల్లేదు.

చిన్నమ్మి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడది బాగుసేసీసినారా?" అని అడిగింది.

"చేసినారంట."

"నువ్వు సూసినావా?"

"నన్ను చూడనివ్వరు పిన్నీ. పనిలోంచి తీసేసినారు."

చిన్నమ్మి వీధి వైపు చూసింది. ఆమె పెద్దకొడుకు అక్కడ నూకన్నతో కలిసి వల మడతపెడుతున్నాడు. "మా పెద్దబ్బాయి ఎల్లుండి నూకన్న బోటెక్కుతాడు. ఇల్లు గడవాల గదా" అంది.

కళ అప్పుడు ఆమె ముందు నేల మీద కూలబడింది. రెండు చేతులూ పట్టుకుంది.

"పిలుస్తారని చూడొద్దని చెప్పు పిన్నీ. రేడియో మోగినా మోగకపోయినా, మబ్బు పడితే బోటు తిప్పేయమను. ఎవరి మాటా నమ్మొద్దను."

చిన్నమ్మి చేతులు వెనక్కి తీసుకోలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మబ్బు సూసి తిరిగొచ్చీసీవోలమే అమ్మా, మీరొచ్చి మేం పిలుస్తామని సెప్పీదాకా."